అన్న గిటారు, బాపమ్మ రాట్నం

ఈసారి పత్రికకు "నేను నా చేతులతో చేసిన వస్తువు" గురించి రాయమని మా తెలుగు టీచర్ చెప్పారు. నేను చేసింది గిటారు పికప్‌కు రాగి తీగ చుట్టే యంత్రం. అది ఎలా చేశానో చెప్పాలంటే, ఎందుకు చేయాల్సి వచ్చిందో ముందు చెప్పాలి. అది చెప్పడమే కష్టం. ఎందుకంటే అది నా తప్పుతో మొదలైంది.

మేము షోలాపూర్‌లో విడి ఘర్‌కుల్‌లో ఉంటాం. మా తాతవాళ్ళు సిరిసిల్ల దిక్కు నుంచి మగ్గం పనికోసం ఇక్కడికి వచ్చారు. బాపు టవళ్ళ కార్ఖానాలో జాబర్. అంటే సాంచాలు ఆగిపోతే బాగుచేసే మేస్త్రీ. అమ్మ బీడీలు చేస్తుంది. అన్న రెండేళ్ళు బాపుతోపాటు అదే కార్ఖానాలో రాత్రి పాళీ చేశాడు. ఆ జీతంలోంచి కొంచెం కొంచెం దాచి, ఎవరో వాడిన పాత ఎలక్ట్రిక్ గిటారు కొన్నాడు. ఆ రోజు ఇంట్లో పెద్ద గొడవ. "అది అన్నం పెడ్తదారా?" అని బాపు అడిగాడు. అన్న జవాబు చెప్పలేదు. ఆ తర్వాత నెల రోజులు ఇద్దరూ ఒకే సైకిల్ మోటారు మీద పనికి పోయేవాళ్ళు గానీ మాట్లాడుకునేవాళ్ళు కాదు.

మార్చిలో అన్నకు పుణెలో పని దొరికింది. పోయేటప్పుడు గిటారు సంచిలో పెట్టి గోడకు తగిలించి, "నేను వచ్చేదాకా దాని మీద చెయ్యి వెయ్యకు" అని నాకు రెండుసార్లు చెప్పాడు.

మే సెలవుల్లో పదో తరగతి సైన్సు పుస్తకం ముందుగానే తెచ్చుకుని చదువుతున్నాను. విద్యుదయస్కాంత ప్రేరణ పాఠం వచ్చింది. తీగచుట్ట దగ్గర అయస్కాంతాన్ని కదిలిస్తే చుట్టలో కరెంటు పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టాడు. గిటారు పికప్‌లోనూ ఇదే జరుగుతుందని సైన్స్ సార్ ఒకసారి మాటల్లో అన్నారు. అంతే, చూడకుండా ఉండలేకపోయాను. అమ్మ బీడీల కంపెనీకి పోయిన సమయం చూసి గిటారు కిందికి దింపాను. తంత్రులు వదులు చేసి, స్క్రూలు ఇప్పి, పైన ఉన్న తెల్లని ప్లాస్టిక్ పలక ఎత్తాను. కింద మూడు పికప్‌లు కనిపించాయి. ఒకదాని మీది మూత తీసి స్క్రూడ్రైవర్‌ను దగ్గరికి తెచ్చానో లేదో, అయస్కాంతం దాన్ని టక్కున లాగేసుకుంది. స్క్రూడ్రైవర్ మొన పోయి తీగచుట్టలో దిగింది.

చూస్తే పెద్ద దెబ్బేమీ కనిపించలేదు. వెంట్రుకలాంటి తీగలు నాలుగైదు పైకి లేచి ఉన్నాయి. అన్నీ మళ్ళీ బిగించి చిన్న స్పీకర్‌కు తగిలించాను. రెండు పికప్‌లు పలికాయి. మూడోది, బ్రిడ్జి దగ్గరది, మూగగా ఉండిపోయింది.

కొత్తది కొనొచ్చు కదా అని మీరు అనుకోవచ్చు. కొనాలంటే డబ్బులు అడగాలి. అడిగితే ఎందుకో చెప్పాలి. చెబితే బాపు ఆ గిటారు గురించి ఇంకో మాట అంటాడు, ఆ మాట అన్నకు చేరుతుంది. కాబట్టి ఎవరికీ చెప్పకుండా నేనే బాగుచేయాలనుకున్నాను. అన్న రాఖీ పున్నమికి వస్తాడు. నాకు మూడు నెలల గడువుంది.

స్కూలు తెరిచాక సైన్స్ సార్‌కు నిజం చెప్పాను. ఆయన తిట్టలేదు. మల్టీమీటర్ ఇచ్చి కొలవమన్నారు. మిగతా రెండు పికప్‌లు 5.4, 5.5 కిలో ఓమ్‌లు చూపించాయి. నేను చెడగొట్టినదానికి మీటర్‌లో ఎడమవైపు ఒంటరిగా "1" అంకె మాత్రమే కనిపించింది. అంటే తీగ తెగింది, దారి లేదు.

పికప్ పని చేసే తీరు ఇదీ. లోపల అయస్కాంతం, దాని మీద ఆరు ఉక్కు ముక్కలు, వాటి చుట్టూ వేల చుట్లు రాగి తీగ. గిటారు తంత్రులు ఉక్కువి కాబట్టి అయస్కాంతం వల్ల అవీ కొంత అయస్కాంతాలవుతాయి. తంత్రి ఊగితే తీగచుట్టలోంచి పోయే అయస్కాంత ప్రవాహం మారుతుంది. అది మారినకొద్దీ అదే లయలో చిన్న కరెంటు పుడుతుంది. దాన్ని పెద్దది చేసి స్పీకర్‌లో వినిపిస్తారు. 1931లో అమెరికాలో జార్జ్ బోషాంప్ అనే ఆయన ఇలాంటి పికప్ చేశాడు. దాన్ని పెట్టిన గిటారు ఆకారం చూసి జనం "వేపుడు పెనం" అని పేరు పెట్టారట. అమ్మకు చెబితే చాలాసేపు నవ్వింది.

ఇలాంటి పికప్‌కు దాదాపు ఎనిమిది వేల చుట్లు కావాలి. తీగ మందం 0.063 మిల్లీమీటర్లు, మన వెంట్రుకంత. ఒక చుట్టు సగటున 14 సెంటీమీటర్లు అనుకుంటే ఎనిమిది వేల చుట్లకు 1,120 మీటర్లు. అంటే అగ్గిపెట్టె కన్నా కొంచెం పొడుగున్న ఆ వస్తువులో కిలోమీటరుకు పైగా తీగ ఉంటుంది. బరువు మాత్రం దాదాపు 30 గ్రాములే. ఈ లెక్క నేను మూడుసార్లు చేశాను, నమ్మకం కలగక.

తీగకు 42 నంబరు అని రాసుకుని మోటార్లు వైండింగ్ చేసేవాళ్ళకు సామాను అమ్మే దుకాణానికి పోయాను. 42 నంబరు తీగ వంద గ్రాములు ఇచ్చారు. పక్కింటి అత్త పాత కుట్టుమిషను మోటారు, కాలితో నొక్కే పెడల్ అడిగి తెచ్చుకున్నాను. మోటారు ఇరుసుకు చిన్న చెక్క పలక తగిలించి, దాని మీద పాత తీగంతా కోసి తీసేసిన ఖాళీ బాబిన్ అతికించాను. పెడల్ మెల్లగా నొక్కుతూ చుట్టాను. చాలా సులువుగా వచ్చింది! కానీ దాదాపు మూడు వేల చుట్లకే బాబిన్ నిండిపోయింది. కొలిస్తే 0.88 కిలో ఓమ్‌లు. కావలసింది ఆరు దగ్గర.

నా లెక్క తప్పేమో అని రెండు రోజులు తల పట్టుకున్నాను. తప్పు లెక్కలో లేదు, నంబరులో ఉంది. నేను చదివిన 42 నంబరు అమెరికా వాళ్ళ ఏడబ్ల్యూజీ కొలత. మన దుకాణాల్లో నడిచేది ఎస్‌డబ్ల్యూజీ అనే వేరే కొలత. అందులో 42 అంటే 0.1 మిల్లీమీటరు మందం. నాకు కావలసింది మన లెక్కలో 46 నంబరు, 0.061 మిల్లీమీటర్లు. దుకాణం ఆయన నేను అడిగిందే ఇచ్చాడు పాపం. చెప్పుల కొలతలు దేశానికొక తీరుగా ఉంటాయని తెలుసు గానీ తీగకు కూడా ఉంటాయని ఎవరనుకుంటారు?

46 నంబరు తెచ్చాక అసలు కష్టం మొదలైంది. ఈ తీగను కంటితో చూడాలంటే వెలుతురుకు ఎదురుగా పెట్టుకోవాలి. ఊపిరి గట్టిగా వదిలితే ఎగురుతుంది. పెడల్ నొక్కగానే మోటారు ఒక్క ఉదుటున లేస్తుంది, తీగ తెగుతుంది. అరవై చుట్లకు ఒకసారి, రెండు వందలకు ఒకసారి, ఒకసారి పదకొండు వందల దాకా పోయి తెగింది. ఆ రోజు ఏడ్చాను.

ఏడుస్తుంటే బాపమ్మ చూసింది.

మా బాపమ్మ పెళ్ళయి వచ్చిన నాటి నుంచి కండెలు చుట్టింది. నాడెలో పెట్టి పేకగా నేసే నూలు కండెలు. తాత పోయాక, ఇంట్లో మగ్గం అమ్మేశాక, ఆ రాట్నం అటక మీదికి ఎక్కింది. సైకిల్ రిమ్ముతో చేసిన చక్రం, ఒక పిడి, తాడుతో తిరిగే కదురు, అంతే దాని రూపం. బాపు దాన్ని భంగార్ అతనికి ఇచ్చేద్దామని ఎన్నిసార్లు అన్నాడో. (ఇక్కడ భంగార్ అంటే పాత ఇనుప సామాను. ఊరి నుంచి వచ్చిన మా పెద్దమ్మ వీధిలో "భంగార్, భంగార్" అని కేక విని, ఇంత పొద్దున్నే బంగారం అమ్మకానికి వచ్చిందా అని బయటికి ఉరికింది.) బాపమ్మ మాత్రం ఇయ్యనియ్యలేదు.

"ఏందే బిడ్డా అది, పట్టుపోగు లెక్క ఉన్నది?" అంది.

రాగి తీగ అన్నాను. ఆమెకు కళ్ళు సరిగ్గా కనిపించవు. శుక్లాల ఆపరేషన్ ఒక కంటికే అయింది. చెయ్యి చాపి తీగ కొసను రెండు వేళ్ళ నడుమ పట్టుకుని కొంచెం లాగి చూసింది. తర్వాత నేను తీగ ఉండను ఎలా పెట్టానో తడిమింది. నేను దాన్ని ఒక మేకుకు అడ్డంగా గుచ్చాను, చుట్టేకొద్దీ ఉండ కూడా తిరిగేటట్టు.

"గిట్ల అడ్డం పెడ్తె తెగకుంటదా? నీ పోగు అంత బరువును గుంజుకొని తిప్పాలె. మీ బాపు కార్ఖానల కోన్లు ఎట్ల పెడ్తరో సూడలే? నిలువుగ కూసుంటయి. పోగు మీదికెల్లి లేస్తది. కోన్ తిరుగదు."

నేను నోరు తెరిచి చూశాను. టవళ్ళ కార్ఖానాకు బాపుకు అన్నం తీసుకుని ఎన్నిసార్లు పోయానో. నిలువుగా ఉన్న కోన్ల మీది నుంచి నూలు పైకి లేచి పోవడం ఎన్నిసార్లు చూశానో. ఒక్కసారి కూడా తట్టలేదు. అంత సన్నని తీగ అంత ఉండను కదిలించాలి, ఆగినప్పుడు ఆ ఉండ ఆగకుండా ఇంకా తిరుగుతుంది, మళ్ళీ లాగినప్పుడు ఝటకా పడుతుంది. తెగేది అక్కడే. మోటారు తప్పు సగమే.

ఆ సాయంత్రం అటక మీది నుంచి రాట్నం దించాం. మోటారు పక్కింటి అత్తకు తిరిగి ఇచ్చేశాను.

తీగ ఉండను నేల మీద నిలబెట్టాం. దాని పైన మూడడుగుల ఎత్తులో కట్టెకు అమ్మ గాజు ఒకటి వేలాడదీశాం. తీగ ఉండ మీది నుంచి లేచి గాజులోంచి దూరి కిందికి బాబిన్ దగ్గరికి వస్తుంది. గాజు నున్నగా ఉంటుంది కాబట్టి తీగ ఒరుసుకోదు. ఉండ అంచు మీద చిన్న గరుకు ఉంటే దాన్ని గుడ్డతో రుద్ది నున్నగా చేశాను. అక్కడే తీగ రెండుసార్లు ఇరుక్కుంది.

కదురుకు చెక్క పలక బిగించడం మాత్రం నాకు చేతకాలేదు. తిప్పితే పలక వంకరగా ఊగేది, ప్రతి చుట్టుకూ తీగ ఒకసారి బిగిసి ఒకసారి వదులయ్యేది. బాపు రెండు రోజులు చూసి ఏమీ అనలేదు. ఎందుకని అడగలేదు. మూడో రోజు పొద్దున లేచి చూస్తే చెక్క పలక స్థానంలో అల్యూమినియం పలక ఉంది, సరిగ్గా నడుమ రంధ్రంతో, అంచులు ఆకురాయితో రుద్ది. తిప్పితే వెంట్రుకవాసి ఊగలేదు. బాపు అప్పటికే పనికి పోయాడు.

చుట్లు లెక్కపెట్టడానికి మోటారుతో ఉన్నప్పుడే ఒక ఉపాయం నేర్చుకున్నాను. మా ఇంటి కాలిక్యులేటర్‌లో ఒకటి, ప్లస్ నొక్కి, ఆ తర్వాత సమానం గుర్తు నొక్కినప్పుడల్లా అంకె ఒకటి పెరుగుతుంది. కాలిక్యులేటర్ ఇప్పి ఆ మీట కింది రెండు కొసలకు రెండు వైర్లు అతికించి, వాటి చివర రీడ్ స్విచ్ పెట్టాను. అది గాజు గొట్టంలో ఉండే చిన్న స్విచ్, అయస్కాంతం దగ్గరికి వస్తే కలుస్తుంది. తిరిగే దానికి చిన్న అయస్కాంతం అతికిస్తే ప్రతి చుట్టుకూ కాలిక్యులేటర్ తనంతట తాను లెక్కపెడుతుంది. మోటారు ఇరుసు మీద పెడితే వేగం ఎక్కువై కొన్ని చుట్లు వదిలేసేది. ఇప్పుడు పెద్ద చక్రానికే పెట్టాను. చక్రం ఒకసారి తిరిగితే కదురు 14 సార్లు తిరుగుతుంది. అంటే కాలిక్యులేటర్ 571 చూపిస్తే 7,994 చుట్లు. తాడు జారితే లెక్క తప్పుతుంది కదా అని తాడుకు కొంచెం రాళ్ళ మైనం, అదే రోజిన్, రాశాను. పది చక్రాలు మెల్లగా తిప్పి కదురు ఎన్నిసార్లు తిరిగిందో రెండుసార్లు సరిచూశాను.

అమ్మ బీడీలు చుడుతూనే ఈ లెక్కంతా వింది. "ఇరవై అయిదుకొక కట్ట, నలభై కట్టలకు వెయ్యి. నీ ఎనిమిది వేలంటె నావి ఎనిమిది దినాలు" అంది. నాకు ఆ తర్వాత 571 అనే అంకె చిన్నదిగా కనిపించింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఫ్యాన్ ఆపేసి కూర్చున్నాం. మొదట బాపమ్మ చుట్టింది. కుడిచేత్తో చక్రం, ఎడమచేతి వేళ్ళ మధ్య మెత్తటి ముతక గుడ్డ ముక్క, దాంట్లోంచి తీగ. తీగ ఆమెకు కనిపించదు. "కండ్లెందుకే, వేలికి తెలుస్తది" అంది. ఒకే వేగం. ఆపేటప్పుడు కూడా చక్రాన్ని అరచేత్తో మెల్లగా ఆనించి ఆపుతుంది. నాకు ఒక్కటే నచ్చలేదు. నేను దారం ఉండలా పక్కపక్కనే వరసగా పేర్చాలనుకున్నాను. ఆమె కండె చుట్టినట్టు ఈ కొస నుంచి ఆ కొసకు అడ్డదిడ్డంగా నడిపించింది. తర్వాత సైన్స్ సార్‌ను అడిగితే, అలా చెదిరినట్టు చుడితే చుట్ల మధ్య కెపాసిటెన్స్ తగ్గి సన్నని స్వరాలు స్పష్టంగా వస్తాయని గిటార్లు చేసేవాళ్ళు చెబుతారన్నారు. అమెరికాలో ఫెండర్ గిటార్ల కార్ఖానాలో 1956లో చేరిన అబిగైల్ ఇబారా అనే ఆమె కూడా తీగను చేతివేళ్ళతోనే నడిపించి పికప్‌లు చుట్టేదట. ఆమె చుట్టినవాటి కోసం వాయించేవాళ్ళు ఇప్పటికీ వెతుక్కుంటారని సార్ చెప్పారు. బాపమ్మకు చెబితే, "ఆమెకు దినానికి ఎన్ని కండెలు పడేటియట?" అని అడిగింది.

350 దగ్గర బాపమ్మ భుజం నొప్పి అని లేచింది. "ఇగ నువ్వు కూసో" అంది. నా చేతులు వణికాయి. అప్పటిదాకా తెగింది అన్నిసార్లూ నా చేతిలోనే. గుడ్డను గట్టిగా నొక్కుతున్నానని ఆమె చక్రం చప్పుడు వినే కనిపెట్టి, "వదులు, వదులు" అంటూ పక్కనే కూర్చుంది. 571 వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. కొసలకు వైర్లు అతికించి మీటర్ పెట్టాను. 5.83.

చుట్లు లోపల కదిలితే స్పీకర్‌లో కీచుమంటుంది కాబట్టి పికప్‌ను మైనంలో ముంచాలి. కొవ్వొత్తుల మైనంలో కొంచెం తేనెమైనం కలిపి, నేరుగా మంట మీద పెట్టకుండా వేడినీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించాను. మైనం అంటుకుంటే ప్రమాదం. ఎవరైనా చేస్తే పెద్దవాళ్ళు పక్కన ఉండాలి. వేడి మరీ ఎక్కువైతే ప్లాస్టిక్ బాబిన్ వంగిపోతుంది కూడా. బుడగలు రావడం ఆగేదాకా ఉంచి తీశాను. ఆ గిన్నె ఇంకా సరిగ్గా తోమలేదని అమ్మ ఇప్పటికీ అంటుంది.

గిటారులో బిగించి, స్పీకర్‌కు కలిపి, స్క్రూడ్రైవర్‌తో (ఈసారి గట్టిగా పట్టుకుని) పికప్ మీద తట్టాను. స్పీకర్ "టక్" అంది.

అన్న రాఖీ పున్నమి ముందురోజు రాత్రి వచ్చాడు. మా వాళ్ళు ఆ రోజును నూలు పున్నమి అని కూడా అంటారు. షోలాపూర్‌లో ఆ రోజు మార్కండేయ మహారాజు రథోత్సవం. పొద్దున రాఖీ కట్టాను, అందరం రథం చూసి వచ్చాం. సాయంత్రం అన్న గిటారు తీశాడు. నేను వంటింట్లోకి పోయాను. నిజం చెబుతున్నాను, ఎవరికీ తెలియకుండా పోతే చాలు అనుకున్నాను.

స్విచ్ ఒక్కొక్క చోట పెట్టి వాయిస్తున్నాడు. బాగానే ఉంది. తర్వాత బ్రిడ్జి పికప్‌నూ నడిమిదాన్నీ కలిపే చోట పెట్టాడు. శబ్దం సన్నగా, డొల్లగా అయిపోయింది, రేకు డబ్బాలో వాయించినట్టు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అంతే.

"దీన్ని ఎవరు ఇప్పిండ్రు?" అన్నాడు.

వంటింట్లోంచి వచ్చి అంతా చెప్పాను. స్క్రూడ్రైవర్ నుంచి మొదలుపెట్టి. బాపు మంచం మీద కూర్చుని వింటున్నాడు. అన్న చాలాసేపు ఏమీ అనలేదు. పలక ఎత్తి పికప్‌ను చూశాడు. "ఇదంతా ఇంట్లనే చుట్టిండ్రా?" అన్నాడు. అల్యూమినియం పలక కూడా తెచ్చి చూపించాను. దాన్ని చేత్తో తిప్పి చూసి బాపు వైపు చూశాడు. బాపు టీవీ వైపు చూశాడు.

శబ్దం డొల్లగా ఎందుకైందో నాకు అప్పుడే తట్టింది. పాత తీగ ఏ వైపుకు చుట్టి ఉందో చూసుకోకుండా కోసేశాను. మేము రాట్నం తిరిగే వైపుకే చుట్టాం. అది తలకిందులైంది. అందుకే ఒక పికప్‌లో కరెంటు ఇటు పోతుంటే రెండోదాంట్లో అటు పోతోంది, రెండూ కలిస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. మళ్ళీ చుట్టాల్సిన పని లేదు. దాని రెండు వైర్లు తారుమారు చేస్తే చాలు. అన్న టార్చి పట్టుకున్నాడు, నేను సోల్డరింగ్ చేశాను.

మళ్ళీ వాయించాడు. ఈసారి నిండుగా వచ్చింది.

బాపమ్మ గోడకు ఆనుకుని కూర్చుని, "ఇండ్ల నేను చుట్టింది ఏదిరా?" అని అడిగింది. అన్న స్విచ్ చివరిదాకా జరిపి బ్రిడ్జి పికప్ ఒక్కటే ఉంచి వాయించాడు. "ఇది నీదే బాపమ్మా."

ఆమె తల వంచి కాసేపు విన్నది.

"జర కీచుగొంతు ఉన్నది. నడిమిదానితోని కలుపు" అంది.